ఎడ్డీ జెఫర్సన్ ముందా, జాన్ హెండ్రిక్స్ ముందా?

వోకలీజ్ వినడం ఎవరితో మొదలుపెట్టాలని అడిగితే నేను జాజ్ గాయకుడు జాన్ హెండ్రిక్స్ అనే అంటాను. వోకలీజ్ అంటే జాజ్ వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లిన సోలోకి, ఒక్క స్వరం కూడా వదలకుండా మాటలు కట్టి పాడటం. మన స్వరజతిలో స్వరాలకి సాహిత్యం ఉంటుంది కదా, దాదాపు అలాంటిదే.

దారి వేసింది మాత్రం జెఫర్సనే. అమెరికాలో పిట్స్‌బర్గ్ మనిషి, గాయకుడు, బూట్ల చప్పుడుతో తాళం వేస్తూ ఆడే ట్యాప్ డ్యాన్సర్. జేమ్స్ మూడీ 1949లో వాయించిన శాక్సఫోన్ సోలోకి ఆయన మాటలు రాస్తే, 1952లో దాన్ని రికార్డు చేసి పేరు తెచ్చుకున్నది కింగ్ ప్లెజర్ అనే గాయకుడు. అందులో మధ్యలో వచ్చే పియానో ముక్క ప్రియురాలి జవాబుగా మారిపోతుంది, అక్కడ ఆడగొంతు అందుకోగానే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1979లో డెట్రాయిట్‌లో ప్రోగ్రాం ఇచ్చిన క్లబ్ బయటే జెఫర్సన్‌ని కాల్చి చంపేశారు, తలుచుకుంటే చాలా బాధేస్తుంది.

హెండ్రిక్స్ కింగ్ ప్లెజర్ పాడిన ఆ పాట విన్నాకే ఈ దారి పట్టాడు. గాయకులు డేవ్ లాంబర్ట్, ఆనీ రాస్‌తో కలిసి కౌంట్ బేసీ జాజ్ ఆర్కెస్ట్రా మొత్తాన్ని గొంతులతో పాడాలనుకున్నాడు, తెచ్చిన కోరస్‌కి ఆ ఊపు పట్టుబడకపోతే ముగ్గురే ఒకదాని మీద ఒకటి ట్రాకులు రికార్డు చేసి అన్ని వాద్యాల భాగాలూ పాడేశారు! జెఫర్సన్ ఒక్క సోలోకి ప్రాణం పోస్తే, హెండ్రిక్స్ ట్రంపెట్లనీ శాక్సఫోన్లనీ కూర్చోబెట్టి కబుర్లాడించాడు. అందుకే ముందు ఆయన, ఆ వెంటనే జెఫర్సన్.