డాబా మీది కెమెరా, రెండు వానాకాలాలు

బొమ్మ చూడ్డానికని కొన్న కెమెరా ఇది. రెండు వానాకాలాలు వాడాక చెబుతున్నాను, నన్ను ఆదుకున్నది మాత్రం దాని మైకే. కొనేటప్పుడు ఆ మైకు సంగతి నేను అడగను కూడా అడగలేదు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మానాన్న అక్కడే పాత డాబా ఇంట్లో ఉంటారు. నా ఉద్యోగం రాయగడలో. ఇంటికి వెళ్లాలంటే గుణుపురం మీదుగా బస్సు, వానలు పట్టాయంటే ఆ బస్సూ నమ్మకం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు రెండు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. అప్పటినుంచి అక్టోబరు వస్తోందంటే నాకు గుబులే. మబ్బు ఎటు కదులుతోందో గోపాల్‌పూర్ రాడార్ బొమ్మల్లో చూస్తూనే ఉంటాను. కానీ మా డాబా మీద ఎంత పడుతోందో అందులో ఎలా తెలుస్తుంది? అందుకే కెమెరా.

సోలార్ పలక, సిమ్ కార్డు ఉన్న రకం కొనమని షాపులో చాలా చెప్పారు. నేను వద్దన్నాను. అలాంటివి చాలావరకు బ్యాటరీ ఆదా కోసం నిద్రలో ఉండి, ఎదురుగా ఏదైనా కదిలినప్పుడో, మనం తెరిచినప్పుడో లేస్తాయి. పైగా వాయుగుండం పట్టి నాలుగు రోజులు ఎండ మొహం కనిపించకపోతే పలక సరిగా ఛార్జ్ కాదు. మనకి కెమెరా కావలసింది ఆ నాలుగు రోజులే కదా! కరెంటుతో నడిచేది తీసుకుని, దానికీ రౌటర్‌కీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టించాను. మెట్ల గది సన్‌షేడ్ కింద, ఉత్తరం వైపు కొండలు కనిపించేలా బిగించారు. ఉత్తరం వైపైతే ఎండ నేరుగా లెన్సులో పడే బాధ తక్కువ. ఒక్క పొరపాటు చేశాను. 2.8 మి.మీ. లెన్సు తీసుకున్నాను. అది అంతా చూపిస్తుంది గానీ, కొండల్ని గట్టు మీద పెట్టిన మట్టి ముద్దల్లా చేస్తుంది. మబ్బు దిగడం చూడాలనుకునేవాళ్లు 4 గానీ 6 గానీ తీసుకోండి.

మొదటి నెలలో మా చుట్టాలందరికీ ఇదే కొనమని చెప్పాను. పగటి బొమ్మ చూసి చెప్పిన మాట అది. రాత్రి వాన పడ్డాక అర్థమైంది. చీకట్లో చూడ్డానికి కెమెరా తన చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వేసుకుంటుంది. లెన్సు దగ్గరగా పడే ప్రతి చినుకూ ఆ వెలుతురుకి మెరిసి తెల్లటి గీత అవుతుంది, దాని వెనక ఏమీ కనిపించదు. కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. ఒక్క సాలెపోగు బొమ్మలో మోకంత లావుగా ఊగుతుంటే మొదటిసారి కరెంటు తీగ తెగిందనుకుని హడలిపోయాను. ఇప్పుడు సెట్టింగుల్లో ఆ లైట్లు ఆపేశాను. వీధి దీపం ఉన్నంతసేపు కాస్త కనిపిస్తుంది, అది పోతే అంతా నలుపే.

ఆ నలుపులోనే నాకు మైకు విలువ తెలిసింది. నిరుడు అక్టోబరులో వాయుగుండం పట్టిన రెండో రాత్రి. ఒంటిగంట దాటింది, నిద్ర రావడం లేదు. ఫోన్లో లైవ్ తెరిచి, బొమ్మ లేకపోయినా చప్పుడు వింటూ పడుకున్నాను. పక్కింటి పశువుల సాల రేకుల మీద దడదడ. దాని కింద ఇంకో చప్పుడు, మా డాబా నీళ్లు గొట్టంలోంచి పెరట్లో గచ్చు మీద ధారగా పడే చప్పుడు. చిన్నప్పటినుంచి విన్నదే. కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. రేకుల మీద దడదడ అలాగే ఉంది, గచ్చు మీద ధార లేదు. వాన తగ్గకుండా ధార ఎలా ఆగుతుంది? తూము మూసుకుపోయింది!

నాన్నకి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తారు. "ఏటమ్మా, ఏటయింది?" అన్నారు కంగారుగా. చెప్పాను. కాసేపటికి ఆ నలుపులో టార్చి వెలుగు గుండ్రంగా కదిలింది. గొడుగు ఒక చేత్తో పట్టుకుని వంగారు. నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి. ఏదో లాగారు, గళగళమంది, ఆ తర్వాత గచ్చు మీద ధార మళ్లీ మొదలైంది. ఆ చప్పుడు విన్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. తూములో ఇరుక్కున్నవి గుప్పెడు మామిడాకులు, పూజకి పూలు తెచ్చిన కవరు ఒకటి. మా స్లాబుకి అప్పటికే చెమ్మ ఉంది. తెల్లారేదాకా నీళ్లు నిలిచి ఉంటే కింద పడుకున్నవాళ్ల సంగతి తలుచుకోవడానికే భయం.

అలాగని ఇది తుఫానుకి పనికొస్తుందని మాత్రం చెప్పను. మరుసటి రోజు ఏదో చెట్టు కొమ్మ పడి నెట్ కేబుల్ తెగింది. బొమ్మ 3:17 దగ్గర ఆగిపోయింది. పై మూలన సెకన్ల అంకె కదలడం లేదని చూసుకోకుండా, వాన వెలిసిందని చాలాసేపు సంతోషపడ్డాను. యూపీఎస్ ఉన్నా, కేబుల్ తెగితే అది ఏం చేస్తుంది? తిత్లీ లాంటిది మళ్లీ వస్తే ఈ కెమెరా ఉన్నా ఆ రెండు రోజులూ నాకు తప్పవేమో.

డేటా సంగతి కూడా చూసుకోండి. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వస్తే గంటకు 450 ఎంబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మూడు గంటలకు కొంచెం పైన సరిపోతుంది, అంతే. చప్పుడు ఒక్కటే వినే వీలు నా యాప్‌లో లేదు, బొమ్మ నాణ్యత బాగా తగ్గించి వింటాను. ఇంకొకటి, మైకు వానతో పాటు పక్కింటి మాటలు కూడా వింటుంది. ఆ ఇంటి పిన్నిగారికి నేనే వెళ్లి చెప్పాను, రికార్డింగులో శబ్దం ఆపేశాను. ఆవిడ సరేనన్నారు గానీ, డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు ఇదివరకులా మాట్లాడటం లేదు. అది నాకు బాధగానే ఉంది.

కొనాలా అంటే, మీ ఇంట్లో రాత్రి ఫోన్ ఎత్తి డాబా ఎక్కగలిగేవాళ్లు ఉన్నారా అన్నది ముందు చూసుకోండి. మా ఇంట్లో నాన్న ఉన్నారు, ఆయన మోకాళ్లు మాత్రం ఏటేటా అరుగుతున్నాయి. తడి మెట్ల మీద అర్ధరాత్రి ఆయన్ని ఎక్కించింది నేనే అన్న సంగతి కూడా నన్ను వదలదు. ఈ వేసవిలో తూముకి జాలీ బిగించాం. ఆకులు ఆగుతాయో, జాలీ చుట్టూ పేరుకుని నీళ్లనే ఆపుతాయో ఈ వానలకి వినాలి.