బోటు చిన్న మోటారుతో బ్యాటరీ ఛార్జింగ్: కొన్నేళ్ళు వాడాక

మోటారు కాగితాల్లో '12 వోల్టులు, 6 ఆంప్స్' అని ఉంది. ఆ ఆరు మీద నాకు ఇప్పటికీ కోపమే. అబద్ధమని అనను. ఫుల్ రేజ్‌లో, నిమిషానికి ఐదు వేల చుట్లు దాటి తిరిగితే ఆరు వస్తుంది. కానీ పక్కనే పెద్ద మోటారు ఉండగా 9.8 హెచ్‌పీ చిన్నదాన్ని అంత వేగంగా ఎవరు తిప్పుతారు? అది ఉన్నదే గాలాలు లాక్కుంటూ మెల్లగా పోవడానికి, గుర్రపుడెక్క మధ్యలోంచి జాగ్రత్తగా బయటపడడానికి. ఆ వేగంలో క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే నాకు ఒకటిన్నర, మహా అయితే రెండు ఆంప్స్.

విజయవాడ దగ్గర కృష్ణలో సీతానగరం వైపు నుంచి బయల్దేరి, భవానీ ద్వీపం వెనకగా ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దాకా వెళ్ళి రావడం నా అలవాటు. లైట్లు, చేపలు చూపించే మీటరు, ఫోన్ ఛార్జింగు అన్నీ 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీ మీదే. ఇవన్నీ కలిపి తాగేది దాదాపు రెండు ఆంప్స్. అంటే చిన్న మోటారు ఇచ్చింది ఇచ్చినట్టే ఖర్చు. మొదట్లో 'బ్యాటరీ బెంగ తీరింది' అని అందరికీ చెప్పాను. తీరింది నిజమే, ఉన్న ఛార్జి కిందకి దిగకుండా నిలబడుతుంది. సగం ఖాళీ అయిన బ్యాటరీని రెండు ఆంప్స్‌తో నింపాలంటే మాత్రం లైట్లన్నీ ఆర్పేసి ఒక పగలూ ఒక రాత్రీ నడిపినా చాలదు. అంత పెట్రోలు ఎవరు పోస్తారు?

అసలు చెప్పాల్సింది ఆ సాయంత్రం సంగతి. సంగమం నుంచి తిరిగి వస్తున్నాం. గుర్రపుడెక్క దట్టంగా ఉందని పెద్ద మోటారు పైకెత్తేసి చిన్నదాని మీదే నడుపుతున్నాను. నీళ్ళు తేటపడ్డాక కొంచెం రేజ్ ఇచ్చాను. ముందు కూర్చున్న బాబాయ్ వెనక్కి తిరిగి, "అబ్బాయ్, లైట్లేంట్రా పెళ్ళిపందిట్లోలాగా వెలుగుతున్నాయి!" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే అన్నీ ఆరిపోయాయి. చేపల మీటరూ పోయింది. కాలిన వాసన. మోటారు మాత్రం చక్కగా తిరుగుతూనే ఉంది. ఫోన్ టార్చి వేసి చూస్తే బ్యాటరీ పాజిటివ్ తీగ టెర్మినల్ మీంచి లేచి పక్కన పడి ఉంది. బిగించినవాళ్ళు చేత్తో తిప్పే వింగ్ నట్టు పెట్టి వదిలేశారు. మోటారు అదురుకి అది వదులవుతూ వదులవుతూ చివరికి ఊడింది. ప్రకాశం బ్యారేజీ దీపాలే ఆనవాలుగా ఒడ్డుకి చేరాం.

ఇలాంటి మోటార్లలో కరెంటు పుట్టేది ఫ్లైవీల్ అయస్కాంతాల కింద ఉన్న కాయిల్ నుంచి. దాన్ని రెక్టిఫైయర్ డీసీగా మారుస్తుంది, అంతే. వోల్టేజీని పట్టి ఉంచేది బ్యాటరీయే. అది ఊడిందంటే రేజ్ పెరిగేకొద్దీ వోల్టేజీ పైపైకి పోతుంది, అడ్డొచ్చినవన్నీ కాలిపోతాయి. నా కాగితాల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ కాయిల్‌కి మీటరు పెట్టి చూసి, "రెక్టిఫైయర్‌లో డయోడ్లు పోయాయి సార్, కాయిల్ బతికే ఉంది. మళ్ళీ ఉత్త రెక్టిఫైయరే వేస్తే మళ్ళీ ఇదే. రెగ్యులేటరు కలిసి ఉన్నది వేద్దాం" అన్నాడు. అలాగే వేయించాను. వింగ్ నట్టు తీసేసి అదురుకి వదులవని నైలాక్ నట్టు, బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు. ఇంతకుముందు బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు వేగంగా నడిపితే పదిహేనున్నర వోల్టులు దాటేది, డిస్టిల్డ్ వాటర్ మాటిమాటికీ పోయాల్సి వచ్చేది. ఇప్పుడు 14.4 దగ్గర ఆగుతుంది, నీళ్ళు తగ్గడం బాగా తక్కువైంది. అయితే రెగ్యులేటరు వోల్టేజీని ఆపుతుందేగానీ ఆంప్స్‌ని పుట్టించదు. మెల్లగా పోతే ఇప్పటికీ అదే ఒకటిన్నర.

ఒక్క విషయంలో మాత్రం ఈ చిన్న మోటారుని మనసారా మెచ్చుకుంటాను. తాడు లాగితే స్టార్టయ్యే మోటారు కాబట్టి బ్యాటరీ పూర్తిగా పడిపోయినా ఇది కదులుతుంది, కాయిల్ ఎంతో కొంత ఇస్తుంది. పెద్ద మోటారుకి సెల్ఫ్ తప్ప దారి లేదు. నది మధ్యలో ఆ భరోసా చిన్నది కాదు.

2024 సెప్టెంబరులో బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు పైన వరద పోయినప్పుడు బోటు గట్టెక్కించాం. సగం ఛార్జితో బ్యాటరీ చాలాకాలం అలాగే పడి ఉంది. తర్వాత చిన్న మోటారుతో ఎంత నడిపినా కోలుకోలేదు. ఇంటి ఛార్జరు మీద రెండు రాత్రులు పెడితే కొంత దారికొచ్చింది.

ఇప్పుడు కప్పు మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది. మన ఎండకి మిట్టమధ్యాహ్నం ఐదు ఆంప్స్ దాకా వస్తుంది, పెట్రోలు లేదు, చప్పుడు లేదు. పొద్దుగూకాక చిన్న మోటారు వంతు. సాయంత్రాలు తిరిగి రాత్రికి ఇల్లు చేరే నాకు ఈ జోడీ చాలు. కప్పు లేని బోటుకి, రాత్రంతా వల దగ్గర కాపలా ఉండేవాళ్ళకి నా లెక్క పనికిరాదు. లిథియం బ్యాటరీ పెట్టేవాళ్ళు నేరుగా చిన్న మోటారుకి కలపకండి. అందులోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూటు) నిండగానే తెగ్గొడితే నాకు తీగ ఊడినప్పుడు జరిగిందే మీకూ జరగొచ్చు, మధ్యలో డీసీ-డీసీ ఛార్జరు ఉండాలి. కొనేటప్పుడు రెగ్యులేటరు ఉందా అని, సగం రేజ్‌లో ఎన్ని ఆంప్స్ వస్తాయని అడగండి. చెప్పలేకపోతే మీటరు పట్టుకెళ్ళండి.