ఎడిత్, ఆలిస్, ఎలిజబెత్, గ్రేస్: అమ్మకు అర్థం చెప్పగలిగే పేరు ఏది?

మా చెల్లెలు ఇంగ్లండులో ఉంటుంది. భర్త అక్కడి యార్క్‌షైర్ మనిషి. ఆడపిల్ల పుట్టబోతోందని తెలిశాక ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద నాలుగు పేర్లు రాసుకున్నారు: ఎడిత్, ఆలిస్, ఎలిజబెత్, గ్రేస్. రెండో పేరు ఎలాగూ తెలుగుదే, మొదటిది నాన్న వైపు పేరు కావాలని వాళ్లు ముందే అనుకున్నారు. ఆ పేర్లు ఫోనులో చదివి వినిపిస్తే అమ్మ అడిగింది ఒక్కటే: "వీటికి అర్థం ఏమిటి?"

అల్లుడు తడబడ్డాడు. పుట్టినప్పటి నుంచి ఈ పేర్లు వింటూ పెరిగినవాడికి గ్రేస్ తప్ప మిగతా మూడింటి అర్థం తెలియదు. తెలుసుకుని చెప్పే పని నా మీద పడింది. ఇంట్లో నిఘంటువులు తిరగేసే అలవాటు ఉన్నది నాకే మరి.

అల్లుణ్ణి తప్పు పట్టలేం. మనకు పద్మ అనగానే పువ్వు కనిపిస్తుంది, రవి అనగానే పొద్దు పొడుస్తుంది. పేరూ మాటా మన భాషలో ఇంకా కలిసే బతుకుతున్నాయి. ఇంగ్లీషులో ఆ తాడు ఎప్పుడో తెగింది. వాళ్ల పేర్లలో కొన్ని వెయ్యేళ్ల నాటి పాత ఇంగ్లీషువి, కొన్ని ఫ్రాన్సు వైపు నుంచి దండెత్తి వచ్చిన నార్మన్లు తెచ్చినవి, కొన్ని హీబ్రూ నుంచి గ్రీకు, లాటిన్ల మీదుగా వచ్చినవి. విన్న చెవికి శబ్దం తప్ప అర్థం అందదు. అందుకే పేరు ఎంచుకునేవాళ్లు ‘పేరు, దాని అర్థం’ అనే పట్టికల మీద ఆధారపడతారు. నేనూ అక్కడే మొదలుపెట్టి తొందరగానే ఆపేశాను. ‘వెనెస్సా అంటే సీతాకోకచిలుక’ అని ఒక పట్టికలో ఉంది. నిజానికి ఆ పేరును పద్దెనిమిదో శతాబ్దంలో జోనథన్ స్విఫ్ట్ అల్లాడు. స్నేహితురాలి ఇంటిపేరులోని ‘వాన్’ తీసుకుని, ఆమె అసలు పేరు ఎస్తర్‌లోని ముక్కను దానికి జోడించాడు. 1807లో ఫాబ్రిషియస్ అనే శాస్త్రవేత్త ఒక సీతాకోకచిలుకల ప్రజాతికి ఆ పేరు పెట్టాడు. పురుగుకే పేరు నుంచి పేరు వచ్చిందన్నమాట. ఒక్క మాటలో అర్థం చెప్పేసే పట్టికల మీద అప్పటి నుంచి నాకు నమ్మకం పోయింది.

ఇక మా నాలుగు పేర్లు. నాలుగూ నాలుగు దారుల్లో వచ్చినవి కావడం మా అదృష్టం. వీటిని తెలుసుకుంటే ఇంగ్లీషు పేర్ల చరిత్ర చాలావరకు తెలిసినట్టే.

మొదట ఎడిత్, ఎందుకంటే అచ్చమైన ఇంగ్లీషు పేరు ఇదే. 1066లో నార్మన్లు దండెత్తి రాకముందు అక్కడి పేర్లు ఎక్కువగా రెండు మాటల అతుకులు. ‘ఎయద్’ అంటే సిరి, భాగ్యం. దానికి ‘వెయర్డ్’, అంటే కాపు, చేరిస్తే ఎడ్వర్డ్. ‘విని’, అంటే నేస్తం, చేరిస్తే ఎడ్విన్. ‘గార్’, అంటే బల్లెం, చేరిస్తే ఎడ్గర్. ‘గ్యుథ్’, అంటే యుద్ధం, చేరిస్తే ఎడిత్. సిరీ, పోరూ పక్కపక్కనే. ఈ రెండింటినీ కలిపి ఒక వాక్యంగా చదవాలని ప్రయత్నిస్తే మాత్రం పొరబాటే. 1095లో మరణించిన వూస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్ పేరును విడదీస్తే ‘తోడేలు’, ‘రాయి’ వస్తాయి. తోడేలు రాయి అంటే ఏమిటని తల పట్టుకోనక్కరలేదు. ఆయన తండ్రి ఏథెల్‌స్టన్, తల్లి వుల్ఫ్‌గివు. తల్లి పేరులో సగం, తండ్రి పేరులో సగం బిడ్డకు ఇచ్చారు. తాత పేరులోని వెంకటనూ నాయనమ్మ పేరులోని రత్నాన్నీ కలిపి మనుమరాలికి పెట్టే మన ఇళ్లకు ఇది విడమరచి చెప్పక్కరలేదు. ఆ కాలపు ఇంగ్లీషువారికి పేరు ఒక ఆస్తి పంపకం.

ఎడిత్ అనే పేరు రాజకుటుంబాల్లో బాగా నడిచింది. ఎడ్గర్ రాజు కూతురు సెయింట్ ఎడిత్ విల్టన్ మఠంలో బతికింది. ఎడ్వర్డ్ ద కన్ఫెసర్ రాణి కూడా ఎడితే. ఆ తర్వాత నార్మన్లు వచ్చారు, ఊళ్లతో పాటు పేర్లూ చేతులు మారాయి. నన్ను బాగా కదిలించిన సంగతి ఇక్కడిదే. స్కాట్లండ్ రాజకుమారి ఒకామెకు ఎడిత్ అని నామకరణం చేశారు. తల్లి వైపు పాత ఇంగ్లీషు రాజవంశం ఆమెది. 1100లో ఇంగ్లండు నార్మన్ రాజు మొదటి హెన్రీని పెళ్లాడి ఆమె మటిల్డా అయింది. నార్మన్ దొరల చెవికి ఎడిత్ అన్నది ఓడిపోయినవాళ్ల పేరు. పేరు మార్చుకున్నా వాళ్లు ఊరుకోలేదు, రాజునూ రాణినీ గాడ్రిక్, గొడైవా అంటూ పాత ఇంగ్లీషు పేర్లతో వెక్కిరించారు. మటిల్డాను విప్పి చూస్తే బలం, యుద్ధం. ఎడిత్‌ను వదిలించుకున్నా పోరు ఆమెను వదలలేదు.

ఆ తర్వాత పాత ఇంగ్లీషు పేర్లు వరుసగా రాలిపోయాయి. రాజుల ఇళ్లలో గట్టిగా నిలిచింది ఎడ్వర్డ్ ఒక్కటే, అదీ ఒక తండ్రి భక్తి వల్ల. మూడో హెన్రీకి ఎడ్వర్డ్ ద కన్ఫెసర్ అంటే అంతులేని గురి, 1239లో పుట్టిన కొడుకుకు ఆ పేరు పెట్టుకున్నాడు. ఆ కొడుకు రాజయ్యాడు, పేరు బతికింది. ఎడిత్‌కు మళ్లీ మంచిరోజులు రావడానికి విక్టోరియా రాణి కాలం దాకా ఆగవలసి వచ్చింది. అప్పటివాళ్లకు మధ్యయుగాల మీద మోజు. ఆల్ఫ్రెడ్, ఎడ్గర్, ఎథెల్, ఎడిత్ అందరూ పెట్టె అడుగు నుంచి తీసిన పట్టుచీరల్లా బయటికొచ్చారు.

ఆలిస్ గెలిచినవాళ్ల పేరు. ఫ్రెంచి దుస్తులు వేసుకుని వచ్చింది గానీ ఒళ్లు జర్మానిక్‌దే. ‘అడల్‌హైడిస్’ అనే పొడుగు పేరు ఫ్రాన్సులో అరిగి అరిగి ఆలిస్ అయింది. అదే పేరు అరగకుండా అడిలైడ్‌గా కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని నగరానికి ఆ పేరు నాలుగో విలియం రాణి నుంచి వచ్చింది. తోక ముక్క హైడీ అయింది. ‘అడల్’ అంటే ఉన్నతమైన, ‘హైడ్’ అంటే తరగతి, జాతి. పాత ఇంగ్లీషులోని ‘ఏథెల్’కు ఈ ‘అడల్’ సొంత చెల్లెలు. ఆ లెక్కన నార్మన్ల పేర్లకూ వాళ్లు తరిమేసిన పేర్లకూ తాతలు ఒక్కరే. విలియం, రాబర్ట్, రిచర్డ్, హెన్రీ కూడా ఈ తెగవే: సంకల్పం, శిరస్త్రాణం, కీర్తి, వెలుగు, అధికారం, దృఢత్వం, ఇల్లు, ఏలిక. చెవికి ఆలిస్ నాలుగింటిలోనూ తీయనిది, తెలుగు నోట ఏ మాత్రం చెడదు. కానీ ‘గొప్ప వంశానికి చెందినది’ అన్న అర్థం చెప్పగానే చెల్లెలు తల అడ్డంగా ఊపింది. పుట్టుకను బట్టి గొప్ప అనే మాట తన కూతురి పేరులో ఉండకూడదంది. మన నేల మీద ఆ మాట చేసిన చేటు తెలిసినవాళ్లం, నేను వాదించలేదు.

ఎలిజబెత్ దగ్గరికి వచ్చేసరికి నాకు మా ఊరు గుర్తొచ్చింది. నాకు అక్షరాలు దిద్దించిన టీచరు పేరు ఎలిజబెత్. ఈ పేరు మనకు ఇంగ్లీషువాళ్లు నేర్పిన పరాయి మాట అనుకుంటాం గానీ, తెలుగు బైబిలు తెరిస్తే దీని ప్రయాణంలోని రెండు మజిలీలు కనిపిస్తాయి. నిర్గమకాండములో అహరోను భార్య పేరు ఎలీషెబ. అది హీబ్రూ రూపం. లూకా సువార్తలో బాప్తిస్మమిచ్చు యోహాను తల్లి ఎలీసబెతు. గ్రీకులో ‘ష’ లేదు కనుక ‘స’ అయింది, చివర ఒక తకారం వచ్చి చేరింది. రెండు పేర్లూ ఒకటే. ఇంగ్లీషు బైబిలు చదివేవారికి ఎంత కనిపిస్తుందో మనకూ అంతే కనిపిస్తుంది. ‘ఎలీ’ అంటే నా దేవుడు, ‘షెబ’ అంటే ప్రమాణం. హీబ్రూలో ఏడుకూ ప్రమాణానికీ మూలం ఒకటే కాబట్టి ఆ చివరి ముక్కను నిండుదనంగా చెప్పేవారూ ఉన్నారు. హీబ్రూ పేర్లలో నాకు నచ్చేది ఇదే, చాలా పేర్లు పూర్తి వాక్యాలు. మిఖాయేలు ఒక ప్రశ్న: దేవుని వంటివాడెవడు? దానియేలు ఒక నమ్మకం: దేవుడే నా న్యాయాధిపతి. యోహాను ఒక కృతజ్ఞత: యెహోవా కృప చూపాడు. ఎడిత్‌ను విడదీసినట్టు వీటిని విడదీసి ఆగిపోనక్కరలేదు, చదువుకోవచ్చు.

పైగా ఎలిజబెత్ ఒక పేరు కాదు, పేర్ల తోట. బెస్, బెట్టీ, బెత్, లిజ్జీ, ఎలైజా, లీసా, లిబ్బీ, ఎల్సీ అన్నీ దీని కొమ్మలే. దక్షిణ ఐరోపా వైపు తిరిగిన కొమ్మ ఇసబెల్. ఇంగ్లండు పిల్లలకు ఒక పాత పొడుపుకథ ఉంది. ఎలిజబెత్, ఎల్స్పెత్, బెట్సీ, బెస్ పిట్టగూడు వెతుకుతూ వెళ్లారు. గూట్లో ఐదు గుడ్లు. తలా ఒకటి తీసుకున్నారు, గూట్లో నాలుగు మిగిలాయి. ఎలా? నలుగురూ ఒకే అమ్మాయి కాబట్టి. ఈ పేరు పెట్టించుకున్న పిల్ల పదేళ్లకు ఒకరకంగా, పాతికేళ్లకు మరోరకంగా తనను తాను పిలిపించుకోవచ్చు. ఎడిత్‌కు అంత చోటు లేదు. మొదటి ఎలిజబెత్ రాణి 1558 నుంచి 1603 దాకా ఏలిన తర్వాత ఈ పేరు ఇంగ్లండును విడిచి పోయిందే లేదు.

గ్రేస్ గురించి చెప్పడానికి తక్కువే ఉంది, అదే దాని గొప్ప. లాటిన్ ‘గ్రాషియా’ నుంచి వచ్చింది, అర్థం దాచిపెట్టుకోలేదు. పదహారో శతాబ్దపు మతసంస్కరణ తర్వాత ప్యూరిటన్లు అనే నిష్ఠాపరులైన క్రైస్తవులు సాధువుల పేర్లను పక్కనపెట్టి గుణాలనే పేర్లుగా పెట్టుకున్నారు: ఫెయిత్, హోప్, పేషెన్స్, ప్రూడెన్స్. కొందరు ఇంకా ముందుకు వెళ్లారు. లండన్‌లో తోళ్ల వ్యాపారి ఒకాయన పేరు ప్రెయిజ్‌గాడ్ బేర్‌బోన్, అంటే ‘దేవుణ్ణి స్తుతించు’ అనే. 1653 నాటి పార్లమెంటును ఆయన పేరుతోనే పిలిచారు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఈ పద్ధతి ఎంత అందంగా వేరూనిందో చూడండి: నిరీక్షణ, ఆశీర్వాదం, సమాధానం, సువార్త, కృపావరం. హోప్‌కు నిరీక్షణను మించిన జోడీ ఏ భాషలో దొరుకుతుంది? గ్రేస్ అంటే కృప అని అమ్మకు ఒక్క మాటలో చెప్పవచ్చు. అల్లుడికీ చెప్పక్కరలేదు, వినగానే తెలుస్తుంది. నాలుగింటిలో ఆ భాగ్యం దీనికొక్కదానికే.

రెండు వైపులా పలికే పేరు పెడితే గొడవే ఉండదు కదా అని చాలామంది ప్రవాసులు అంటారు. తార బాగానే నిలుస్తుంది. మనకు చుక్క, ఐర్లండులో పూర్వపు మహారాజుల కొండ. కానీ శబ్దం కలిస్తే అర్థం కలవదు. మన కిరణ్ వెలుగు రేఖ, దానిలాగే వినిపించే ఐరిష్ కీరన్ ‘నలుపు’ నుంచి వచ్చింది. మన శీల నడవడిక, ఐరిష్ షీలా సిసీలియా రూపం, దాని లాటిన్ మూలం ‘గుడ్డి’ అనే మాట. తెలిసి పెడితే ఇబ్బంది లేదు, తెలియకుండా పెట్టి తర్వాత నొచ్చుకున్నవాళ్లను చూశాను.

నా తీర్పు చెల్లెలికి రాసి పంపాను. పలికేవాళ్లందరికీ అర్థం వినిపించాలంటే గ్రేస్. పిల్లకు పెద్దయ్యాక ఎంచుకునే వీలు ఉండాలన్నా, తెలుగు నేల మీద పరాయిగా అనిపించకూడదన్నా ఎలిజబెత్. వినసొంపు ఒక్కటే చాలనుకుంటే ఆలిస్. ఎడిత్ అయితే దాని కథ చెప్పే మనిషి ఇంట్లో ఉండాలి, లేకపోతే అది ఉత్త శబ్దమే. నా ఓటు ఎలిజబెత్‌కు.

ఆ ఆదివారం అందరం ఫోనులో కలిశాం. అమ్మకు ఒక్కొక్కటే తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. కృప అంటే బాగుందంది. ‘నా దేవుడే నా ప్రమాణం’ అంటే, మన టీచరమ్మ పేరా అని మురిసింది. ఎడిత్ దగ్గరికి వచ్చి, ఇందులో సిరి ఒక సగం, యుద్ధం ఒక సగం అన్నాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "సిరి అంటే లక్ష్మి. పోరాడేది అంటే వీర. మా అమ్మ పేరేగా అది" అంది.

మా అమ్మమ్మ పేరు వీరలక్ష్మి. ఇన్ని పుస్తకాలు తిరగేసిన నాకు అది తట్టలేదు. అల్లుడికి ఆ పేరు విడదీసి చెప్పమని చెల్లెలు అమ్మను అడిగింది. అమ్మ చెబుతుంటే అతను పలకడం నేర్చుకున్నాడు, వీర, లక్ష్మి, మళ్లీ వీర, లక్ష్మి. రాత్రికి చెల్లెలు ఆ కాగితం ఫొటో పంపింది. మూడు పేర్లు కొట్టేసి ఉన్నాయి.