హోమ్ లోన్‌కి నెలనెలా ఎక్స్‌ట్రా కడుతున్నారా? ఆ డబ్బు ఎటు పోతోందో ఈరోజే చూసుకోండి

బ్యాంకు నుంచి వచ్చి గంట కూడా కాలేదు, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఎక్కడైనా మాట తూలితే క్షమించండి. బ్యాంకు పేరు రాయను, మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. లోన్ ఇచ్చేటప్పుడు ఇంటికొచ్చి టీ తాగి మరీ సంతకాలు పెట్టించుకుని, ఇచ్చాక ఫోన్ ఎత్తని బ్యాంకు అంటే మీలో సగంమందికి ఈపాటికే అర్థమయ్యే ఉంటుంది.

విషయం క్లుప్తంగా చెప్తాను. 2023లో హనుమకొండలో ఫ్లాట్ కొన్నాం. లోన్ 30 లక్షలు, 20 ఏళ్ళు, రెపోకి (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటుకి) లింకై దాంతోపాటే పెరిగే తగ్గే ఫ్లోటింగ్ రేటు, అప్పట్లో 8.5 శాతం. ఈఎంఐ 26,035. మొదటి నెల కట్టినదాంట్లో వడ్డీకే 21,250 పోయింది, అసలులో తగ్గింది 4,785. ఆ కాగితం చూసి మా ఆయన అన్నం సరిగా తినలేదు. 20 ఏళ్ళూ ఇలాగే కడితే వడ్డీయే 32 లక్షలు దాటుతుంది. కొత్త పన్ను విధానంలోకి మారాక, మనం ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు కూడా లేదు. ఇంక దాన్ని 20 ఏళ్ళు మోయడం దేనికి?

అందుకే నెలకు ఇంకో 5,000 కడదామనుకున్నాం. వడ్డీ రేటు అలాగే ఉందనుకుని లెక్కేస్తే, మొదటి నెల నుంచీ ఆ 5,000 కలిపి కట్టేవాళ్ళకు 20 ఏళ్ళ లోన్ 13 ఏళ్ళ 8 నెలల్లో తీరిపోతుంది. వడ్డీ 11 లక్షలకు పైగా మిగులుతుంది. మేము మొదలుపెట్టింది 2024 జనవరిలో, కాబట్టి మాకు కాస్త తక్కువ మిగిలేది, అంతే.

ఆ ఐదు వేలు ఊరికే రాలేదు. కారు కొందామన్న మాట ఎత్తడం మానేశాం. నేను స్కూలుకి ఆటో మాని బస్సెక్కాను. ఓటీటీలు తీసేశాం. బయట తిండి పిల్లల పుట్టినరోజులకే. శ్రావణమాసం చీర రెండేళ్ళుగా లేదు, మా అత్తమ్మ ముందు ఆ ప్రస్తావన రాకుండా చూసుకోవడం ఇంకో కష్టం. జీతం పడగానే ఈఎంఐ పోయాక మొదట లోన్ అకౌంటుకి 5,000 వేసి, మిగిలినదాంతో నెల గడిపేవాళ్ళం. డబ్బు వేసిన ప్రతిసారీ బ్యాంకు నుంచి ఠంచనుగా ధన్యవాదాల మెసేజ్ వచ్చేది. మర్యాదకేం తక్కువ లేదు.

మా మరిది లోన్ వేరే బ్యాంకులో ఉంది. అక్కడ లోన్ అకౌంటులో అదనంగా ఎంత వేసినా ఆ రోజు నుంచే అసలు తగ్గుతుంది, వడ్డీ మిగిలినదాని మీదే వేస్తారు. అన్ని బ్యాంకుల్లోనూ ఇంతే కదా అనుకున్నాం.

పోయిన వారం మా తమ్ముడు, వాడూ ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నాడు, లోన్ స్టేట్‌మెంట్ ఎలా ఉంటుందో చూపించమన్నాడు. యాప్‌లో తర్వాతి ఈఎంఐ తేదీ తప్ప ఏమీ ఉండదు కాబట్టి పూర్తి స్టేట్‌మెంట్ తెప్పించాను. వాడు కాసేపు చూసి, "అక్కా, ఈ ఐదు వేలు అసలులో తగ్గట్లేదే" అన్నాడు. నిజమే. రెండేళ్ళపాటు నెలనెలా వేసిన డబ్బు, మొత్తం 1,20,000, 'అడ్వాన్స్ ఈఎంఐ' అనే ఖాతాలో పడి ఉంది. దాని మీద మాకు పైసా వడ్డీ లేదు. వాళ్ళు మాత్రం మా దగ్గర అసలు మొత్తం మీదా వడ్డీ వసూలు చేస్తూనే ఉన్నారు. పాలవాడికి ముందే డబ్బిచ్చి, మళ్ళీ రోజూ లీటరుకి పైసలు కట్టినట్టుంది మా బతుకు.

ఇవాళ స్కూలుకి సెలవు పెట్టి బ్రాంచికి వెళ్ళాను. లోన్ల సీట్లో ఉన్న సారు స్టేట్‌మెంట్ తిరగేసి, "మీరు పార్ట్ పేమెంట్ అని లెటర్ ఇవ్వలేదు మేడమ్, అందుకే అడ్వాన్స్‌లోకి వెళ్ళాయి" అన్నాడు. పార్ట్ పేమెంట్ అంటే అసలులో కొంత ముందే కట్టేయడం. లెటర్ ఇవ్వాలని మాకెవరు చెప్పారని అడిగాను. అగ్రిమెంటులో ఉంటుందట. పైగా ఐదు వేలు పార్ట్ పేమెంట్ కిందకే రాదట, ఒక్కసారి కనీసం ఒక ఈఎంఐ అంత కట్టాలట. మరి రెండేళ్ళు ఎందుకు తీసుకున్నారు? వెనక్కి పంపొచ్చు కదా? "సిస్టమ్ తీసుకుంటుంది మేడమ్." సిస్టమ్ ఎంత మంచిదో చూడండి, ఇచ్చిన డబ్బు ఏనాడూ వద్దనలేదు.

సరే, ఆ 1,20,000 ఇప్పుడు అసలులో కలపండి, మేము వేసిన తేదీల నుంచే లెక్క కట్టండి అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, నా వెనక ఎవరైనా ఉన్నారా అన్నట్టు చూసి, "మీ వారు రాలేదా? సార్‌ని పంపించండమ్మా, ఆయనకు ఎక్స్‌ప్లెయిన్ చేస్తాను. ఈ వడ్డీ లెక్కలు మీకు కన్ఫ్యూజన్‌గా ఉంటాయి" అన్నాడు.

నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను. చక్రవడ్డీ పాఠం ఏటా చెప్తాను. దానికంటే పెద్ద విషయం, ఆ లోన్‌లో మొదటి పేరు నాది! ఆడవాళ్ళ పేరు ముందుంటే వడ్డీలో 0.05 శాతం తగ్గింపు అని, ఇదే బ్యాంకు వాళ్ళు పట్టుబట్టి నన్ను మొదటి దరఖాస్తుదారుగా పెట్టించారు. 2023లో నా జీతం కాగితాలు కావాలి, నా పాన్ కావాలి, కట్టెడు కాగితాల మీద పేజీ పేజీకీ నా సంతకం కావాలి. ఒక సంతకం కాస్త వంకరగా ఉందని మళ్ళీ పిలిపించారు కూడా. అప్పుడు నాకు కన్ఫ్యూజన్ లేదు. నా డబ్బు ఏమైందని అడిగేసరికి సార్ రావాలి!

నేను మాట్లాడలేదు. నాకు కోపం వస్తే ముందు నోరు పడిపోతుంది, మాటలు ఇంటికొచ్చాక తోస్తాయి. పక్క కుర్చీలో పెన్షన్ పని మీద వచ్చిన పెద్దాయన ఒకరు నావైపు జాలిగా చూశారు, అది ఇంకా ఎక్కువ మండింది. ఆ ఫైలు ఆయన ముందుకు జరిపి, మొదటి పేరు గట్టిగా చదవమన్నాను. చదివాడు. చదివి, "అంటే, ఇద్దరూ వస్తే మంచిది" అన్నాడు. సారీ మాత్రం రాలేదు.

ఆ చదవడంలోనే రెండో బండారం బయటపడింది. 2025 జూన్‌లో చిట్టి పాడి ఎత్తుకున్న డబ్బులో 2 లక్షలు లోన్‌కి కట్టాం, దానికి ఫారం కూడా నింపాం. అది అసలులోనే పడింది, కానీ గడువు తగ్గలేదు. ఈఎంఐ తగ్గించారు. ఆ నెల ఈఎంఐ తగ్గడం మేమూ చూశాం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆర్‌బీఐ రెపో రేటు అర శాతం తగ్గించింది, దానివల్లే అనుకుని సంబరపడ్డాం కూడా. గడువు తగ్గించమని ఫారంలో గడి ఉందా అంటే ఉందట, రెండో పేజీలో. మాకిచ్చింది ఒకటే పేజీ. ఈఎంఐ పాతదే ఉంచి గడువు తగ్గించి ఉంటే ఆ 2 లక్షలకు రెండేళ్ళకు పైగా కిస్తీలు ఎగిరిపోయేవి.

మేనేజర్ దగ్గరకు వెళ్ళాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ వేయించాడు. 1,20,000 అసలులో కలుపుతాం, కానీ ఇవాల్టి తేదీతోనే అన్నాడు. అంటే రెండేళ్ళలో అనవసరంగా కట్టిన వడ్డీ, నా లెక్క ప్రకారం తొమ్మిది పదివేల మధ్య, గోవిందా. "చిన్న అమౌంటే కదా మేడమ్" అన్నాడు. వాళ్ళకు చిన్నదే. నాకది రెండేళ్ళ ఆటో డబ్బు. లేచి వస్తుంటే, మీ రీపేమెంట్ బాగుంది, టాప్ అప్ లోన్ (ఉన్న లోన్ మీదే ఇంకో అప్పు) ఇస్తాం తీసుకుంటారా అని అడిగాడు. ఒట్టు, నిజంగా అడిగాడు.

ఇంటికొచ్చాక రూల్స్ తిరగేశాను. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్ తీసుకున్న వ్యక్తుల దగ్గర ముందుగా కట్టినందుకు పెనాల్టీ తీసుకోకూడదని బ్యాంకులకు ఆర్‌బీఐ 2012లోనే చెప్పింది. 2023 ఆగస్టు ఆదేశాల్లో ఇంకా ఉంది: కొంత గానీ మొత్తం గానీ లోన్ ఎప్పుడైనా ముందు కట్టుకునే అవకాశం ఇవ్వాలి, మూడు నెలలకోసారి అసలెంత, వడ్డీ ఎంత, ఇంకెన్ని కిస్తీలు మిగిలాయో తెలిపే స్టేట్‌మెంట్ అందుబాటులో పెట్టాలి. మాకు ఆ మూడు నెలల స్టేట్‌మెంట్ ఒక్కటీ రాలేదు. వచ్చి ఉంటే మొదటి మూడు నెలల్లోనే పట్టుకునేదాన్ని.

"ఆ డబ్బు మ్యూచువల్ ఫండ్‌లో వేయాల్సింది అక్కా" అని కింద రాయబోయేవాళ్ళకు ఒక నమస్కారం. ఆ చర్చ ఇంకోరోజు పెట్టుకుందాం, ఇవాళ ఓపిక లేదు.

మీరు చేయాల్సింది ఏమిటంటే, అదనంగా వేసిన మర్నాడే పూర్తి స్టేట్‌మెంట్ తీసి అసలు బాకీ ఆ మేరకు తగ్గిందో లేదో చూడండి. తగ్గకపోతే కనీసం ఎంత కట్టాలో మెయిల్‌లో అడగండి, నోటిమాట వద్దు. అప్పటిదాకా ఆ డబ్బు రికరింగ్ డిపాజిట్‌లో జమ చేసుకుని, సరిపడా అయ్యాక ఒక్కసారి కట్టండి. ప్రతిసారీ "అసలులో జమ చేయాలి, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించాలి" అని రాసిచ్చి, కాపీ మీద బ్రాంచి ముద్ర వేయించుకోండి. ఫారం ఇస్తే వెనక పేజీ అడగండి. లోన్ పూర్తిగా తీర్చేసినవాళ్ళకు ఇంకో మాట: ఇంటి ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో తిరిగివ్వాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకివ్వాలి. ఇది 2023 డిసెంబరు నుంచి ఉన్న రూలే, కౌంటర్లో ఎవరూ చెప్పరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎంఓడీ (ఇల్లు బ్యాంకుకు తాకట్టు ఉన్నట్టు రాసిన పత్రం) రద్దు చేయించి, ఈసీ (ఇంటి మీద ఉన్న తాకట్లు చూపించే పత్రం) తీసి చూసుకోవడం కూడా మర్చిపోకండి.

మేము ఇవాళే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం, వేసిన తేదీల నుంచి వడ్డీ తిరిగి లెక్కకట్టమని, 2 లక్షలకు గడువు సరిచేయమని. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, అడ్డదిడ్డంగా వచ్చినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో వేస్తాను, దానికి ఫీజు లేదు. ఫిర్యాదు కింద సంతకం నాదొక్కటే. సార్‌ని పంపట్లేదు.