విశాఖలో కడలి లోపలి లోకం: మత్స్యదర్శిని సరిపోతుందా?

ఆర్కే బీచ్‌లోని మత్స్యదర్శిని అక్వేరియం చిన్నది. పిల్లలతో నింపాదిగా తిరిగినా అరగంట చాలు. అక్కడ కళ్లను లాగేవి రంగురంగుల అలంకార చేపలే కాబట్టి, విశాఖ వలల్లో ఏం పడుతుందో చూద్దామని వెళ్లినవాళ్లకు వెలితిగా ఉంటుంది. ఫొటోలకు ఫ్లాష్ వద్దు. చేప బెదురుతుంది, అద్దంలో మీ ఫోనే మెరుస్తుంది. లెన్సును అద్దానికి ఆనించి తీస్తే సరి.

ఇక్కడి చేపలు చూడాలంటే తెల్లవారేసరికి ఫిషింగ్ హార్బరులో ఉండాలి. కోనాం, చందువ, కానాగంతలు, సావళ్లు, టేకులు, ట్యూనాలు కుప్పలుగా దిగుతాయి, అక్కడే వేలంపాట సాగుతుంది. నేలంతా ఐసునీళ్లు, పొలుసులు. పట్టున్న చెప్పులు వేసుకోండి, తట్టలు మోసేవాళ్లకు దారి వదలండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో లంగరేసిన బోట్లే తప్ప సందడి ఉండదు.

బతికున్న ప్రాణులకైతే జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్కు దిగువన ఉన్న రాళ్లు మేలు, టికెట్టూ లేదు. అమావాస్యకో పున్నమికో అటూ ఇటూగా, ఆటుపోట్ల పట్టికలో నీటిమట్టం బాగా తగ్గే సమయం పగటిపూట పడే రోజు చూసుకోండి. ఆ సమయానికి గంట ముందే చేరితే నీరు తీస్తున్నకొద్దీ గుంటలు బయటపడతాయి. పువ్వుల్లా కనిపించే సీ అనిమోన్లు, పీతలు, ఖాళీ గుల్లల్లో కాపురముండే సన్యాసి పీతలు వాటిలో దొరుకుతాయి. రాయి ఎత్తితే ఎలా ఉన్నది అలాగే తిరిగి పెట్టాలి, లేకపోతే అడుగున ఉన్నవి ఎండకు చస్తాయి. పచ్చగా నాచు పట్టిన రాయి మీద అడుగు వేయకండి. ఇక్కడ ప్రమాదాలకు అదొక కారణం, కెరటాలకు వీపు పెట్టి సెల్ఫీలు దిగడం ఇంకొకటి.

సముద్రగర్భ చరిత్రకు మాత్రం బీచ్ రోడ్డే చాలు. కురుసుర జలాంతర్గామి 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001లో విరమించింది. 2002 నుంచి ఇసుక ఒడ్డున మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. ముందు నుంచి వెనక్కి ఒకటే దారి, మధ్యలో తిరిగి రావడం కుదరదు. గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపుల్లో ముందు కాలు పెట్టి, తల వంచి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, ఇరుకంటే గుండె దడ వచ్చేవాళ్లకు వద్దనే చెప్పాలి. వివరించేది విశ్రాంత నావికులు. వెనక గుంపు తోసుకొస్తుంటే వాళ్ల మాట వినపడదు, అందుకే సెలవురోజు సాయంత్రం వెళ్లకండి. సాధారణంగా మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8:30 దాకా తెరుస్తారు, ఆదివారం ఉదయం కూడా. సోమవారం సెలవు.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3-4 రాత్రి మునిగింది ఈ తీరానికి దగ్గర్లోనే. డెప్త్ చార్జీల (నీటి అడుగున పేలే బాంబుల) దెబ్బ అని మన నౌకాదళం, లోపలి పేలుడో సొంత మందుపాతరో అని పాకిస్తాన్ అంటాయి. ఈ సంగతి మనసులో పెట్టుకుని కురుసురలోకి దిగితే ఆ ఇరుకు వేరుగా అనిపిస్తుంది. దగ్గర్లోనే డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో, 1942 ఏప్రిల్‌లో జపాన్ వాళ్లు వేసిన పేలని బాంబు ఉంది. దానికి పావుగంట కేటాయించినా చాలు.

బస బీచ్ రోడ్డులో తీసుకుంటే కురుసుర, మ్యూజియం, మత్స్యదర్శిని నడకదూరం. కానీ సముద్రం కనిపించే గదికి అద్దె ఎక్కువ, ఉప్పుగాలికి ఏసీలు, తాళాలు త్వరగా పాడవుతాయి. గది చూసి, ఏసీ వేయించుకున్నాకే డబ్బు కట్టండి. చవగ్గా కావాలంటే ఆర్టీసీ కాంప్లెక్సు, ద్వారకానగర్ వైపు చూడండి, ఆటోలో వచ్చిపోవచ్చు. తెల్లవారుజామున కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా నడకవాళ్ల కోసం వాహనాలు ఆపేస్తారు. హార్బరు నుంచి వచ్చే ఆటో ఆ చివరే దింపేస్తుంది, మిగిలింది కాలినడకే.