టైల్స్ మంచివే, పరిచిన తీరే ముంచింది: ఎనిమిదేళ్ల తర్వాత మా ఇంటి గచ్చు

ఇంట్లోకి దిగి ఎనిమిదేళ్లయింది. గదికో రకం గచ్చు వేయించాం. హాల్లో, వంటింట్లో మెరిసే విట్రిఫైడ్ టైల్స్, పడకగదిలో చెక్కలా కనిపించే లామినేట్ పలకలు, బాత్‌రూముల్లో మ్యాట్ టైల్స్, మెట్లకి గ్రానైట్. ఏది ఎంత గట్టిది, ఏది ఎంత మెరుస్తుంది అన్నవి ఏ షాపులో అడిగినా చెప్తారు, నేను మళ్ళీ చెప్పను. నా బాధ ఒక్కటే, అది టైలు గురించి కూడా కాదు, రెండు టైల్స్ మధ్య ఉండాల్సిన సందు గురించి. మా హాల్లో ఆ సందు లేదు.

మొదట్లో ఎవరు అడిగినా ఈ హాలు చూపించి మరీ పొగిడాను. 60 సెంటీమీటర్ల పలకలు, ఒకదానికొకటి ఆనించి పరిచినవి, గీత కనిపిస్తే ఒట్టు. నిజం చెప్పాలంటే ఆ ముచ్చట నాదే. "జాయింట్ ఫ్రీ వేస్తే అద్దంలా ఉంటుంది సార్, గ్యాప్ పెడితే అందులో మట్టి చేరి నల్లగా కనిపిస్తుంది" అని మేస్త్రీ అనగానే నాక్కావాల్సింది అదే అన్నాను. పక్కనే ఉన్న మా అమ్మ, "మరీ అంత బిగించి వేస్తే ఎలారా, తలుపుకి కూడా కాస్త వదులు ఉంచుతారు కదా" అంది. తలుపు చెక్క, ఇది రాయిలాంటిది, నీకు తెలీదులే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నెలకోసారైనా నాకు తిరిగి వినిపిస్తూనే ఉంటుంది.

ఆరో ఏడు ఎండాకాలం. ఒక మధ్యాహ్నం పడుకుని ఉంటే హాల్లోంచి ఢామ్మని శబ్దం. బీరువా పడిందేమో అనుకుని పరిగెత్తాను. బీరువా బాగానే ఉంది, మనుషులెవరూ లేరు, ఫ్యాను తిరుగుతోంది. కిటికీ ముందు రెండు టైల్స్ మాత్రం బోర్లించిన పుస్తకంలా తలలు ఆనించుకుని పైకి లేచి ఉన్నాయి. ఒక్క పగులు లేదు. కాలితో మెల్లగా నొక్కితే కిందికి దిగి, కాలు తీయగానే మళ్ళీ పైకి వచ్చాయి. ఆ సాయంత్రం దాకా కిర్రు కిర్రుమంటూ ఆ వరసలో ఇంకో ఏడు లేచాయి. ఎక్కడ అడుగు వేస్తే ఏది లేస్తుందో అని ఆ రాత్రి ఇంట్లో అందరం గోడ వారనే నడిచాం. భూకంపం వచ్చిందా అని ఫోన్లో వెతికాను కూడా, ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నిజంగా టెన్షనే.

తర్వాత అర్థమైన సంగతి ఇది. కింది కాంక్రీటు ఏళ్ల తరబడి ఆరుతూ కొద్దికొద్దిగా కుంచించుకుంటుంది. పైనున్న టైలు కుంచించుకోదు, పైగా ఎండ పడితే సాగుతుంది. సాగడం అంటే ఎంతో కాదు, ఆరు మీటర్ల పొడవున 20 డిగ్రీల వేడి పెరిగితే సుమారు ముప్పావు మిల్లీమీటరు. ఇంత చిన్నదానికి అంత ఎత్తు ఎలా లేస్తాయని నాకు నమ్మకం కుదరలేదు. మా అమ్మాయి అప్పుడే లెక్కల్లో పైథాగరస్ సిద్ధాంతం చదువుతోంది, కాగితం మీద వేసి చూపించింది. రెండు పలకలు కలిపి 120 సెంటీమీటర్లు, అవి ఉండాల్సిన చోటు ఒక్క మిల్లీమీటరు తగ్గితే చాలు, మధ్యలో దాదాపు రెండున్నర సెంటీమీటర్లు లేవాల్సిందే. స్కేలు పెట్టి కొలిస్తే మావి అటూ ఇటూగా అంతే లేచాయి.

గోడ దగ్గర కాస్త ఖాళీ ఉన్నా ఈ ఒత్తిడి అటు పోయేది. మా మేస్త్రీ టైల్స్‌ని గోడకి తగిలేదాకా నెట్టి, పైన స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) బిగించి, మిగిలిన సన్నటి సందుల్లో తెల్ల సిమెంటు నింపేశాడు. ఇక అవి ఎటు పోతాయి, పైకే కదా.

అసలు ఒళ్ళు మండింది మాత్రం లేచిన టైలుని తిరగేసి చూసినప్పుడు. వెనకవైపు డబ్బాలోంచి అప్పుడే తీసినట్టు శుభ్రంగా ఉంది. సిమెంటు పట్టిన జాడ లేదు, కంపెనీ నుంచి వచ్చిన తెల్లటి పొడి కూడా అలాగే ఉంది, వేలితో రాస్తే అంటుకుంది. విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చేది తన బరువులో అర శాతం కన్నా తక్కువ. మరకలు పట్టవని మనం మురిసిపోయే గుణం అదే, సిమెంట్ పాలు పోసి అతికిస్తే పట్టు దొరకనిదీ అందుకే. దీనికి పాలిమర్ కలిసిన టైల్ అడెసివ్, అంటే టైల్స్ కోసమే చేసిన జిగురు, వాడాలి, అంతకు ముందు ఆ పొడి తుడవాలి. ఆరేళ్లు మా టైల్స్ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయే తప్ప నేలని పట్టుకుని కాదు.

రిపేరుకి తొమ్మిది పలకలు కావాలి, అటక మీద మిగిలినవి నాలుగు. అదే డిజైను దొరికింది గానీ బ్యాచ్ వేరు, రంగులో పిసరంత తేడా, కొలతలో కూడా వెంట్రుకవాసి తేడా. చివరికి కిటికీ వెంబడి ఒక వరస మొత్తం ముదురు రంగు టైల్స్ వేసి, కావాలనే అలా వేయించినట్టు చేశాం. వచ్చినవాళ్లు బోర్డర్ బాగుందంటారు, మేం ఔనంటాం. ఈసారి స్పేసర్లతో (టైల్స్ మధ్య పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్కలు) 2 మిల్లీమీటర్ల సందు, అందులో దాన్ని నింపే గ్రౌట్, గోడ వారన 8 మిల్లీమీటర్లు వదిలి దాని మీదికి స్కర్టింగ్. ఆ ఖాళీ బయటికి కనిపించనే కనిపించదు. ఆరు నుంచి ఎనిమిది మీటర్లు దాటిన పెద్ద హాలైతే మధ్యలో కూడా మెత్తటి సీలెంట్‌తో ఒక జాయింటు ఇవ్వాలట, ఎండ పడే చోట ఇంకా దగ్గర దగ్గరగా. గ్రౌట్ మురికి పడుతుందన్న మేస్త్రీ మాట అబద్ధం కాదు, వంటింటి గుమ్మం దగ్గర నల్లబడింది. బ్రష్ వేసి రుద్దుతున్నా, నాకు అది చాలా చిన్న బాధ.

ఇక పడకగది లామినేట్. దీన్నీ చాలా పొగిడాను, చలికాలంలో పొద్దున్నే కాలు పెడితే జివ్వుమనదు అని. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ ఒక రాత్రి కిటికీ వేయడం మర్చిపోతే జల్లు కొట్టి, తెల్లారి చూసేసరికి పలకల అంచులు ఉబ్బాయి. లోపలుండేది చెక్క పీచుని నొక్కి చేసిన బోర్డు, ఒకసారి నీళ్లు తాగితే ఆరినా మళ్ళీ అణగదు. దాని మీద ఇప్పుడు ఒక పట్టా పరిచాం. ఇందులో నన్ను గుచ్చేది వేరే ఉంది. లామినేట్ వేసినతను గోడ చుట్టూ సెంటీమీటరు వదిలి, దాని మీద బీడింగ్ (సన్నటి పట్టీ) కొడుతుంటే, పని సరిగా చేయట్లేదని అతని మీద అరిచాను. అతను మాత్రం "ఇది కదులుతుంది సార్, చోటు ఇవ్వాలి" అని ఊరుకున్నాడు. ఆ మాట పక్క గదిలో మేస్త్రీ చెవినా పడలేదు, నా చెవినా పడలేదు.

బాత్‌రూములు మాత్రం అనుకోకుండా బాగా కుదిరాయి. అమ్మ మోకాళ్ల కోసం మెరుపు టైల్స్ మానేసి 30 సెంటీమీటర్ల మ్యాట్ పలకలు వేశాం. చిన్న పలకలైతే వాలు ఇవ్వడం సులువు, జాయింట్లు ఎక్కువ కాబట్టి కాలికి పట్టూ ఎక్కువ. ఎనిమిదేళ్లలో ఎవరూ జారలేదు. అయితే సబ్బు జిడ్డు పేరుకున్న రోజున మ్యాట్ కూడా జారేలాగే ఉంటుంది, వారానికోసారి రుద్దాల్సిందే. కొన్ని డబ్బాల మీద టైలు ఎంత జారకుండా ఉంటుందో చెప్పే అంకె ఒకటి, ఆర్9 నుంచి ఆర్13 దాకా, ఉంటుంది, అది బూట్లు వేసుకుని నడిచే పరీక్షది. తడి కాళ్లకి ఏ, బీ, సీ అని వేరే ఉంది, బాత్‌రూముకి అడగాల్సింది అది. నేను అడగలేదు, అదృష్టం బాగుంది. ఒక మూల వాలు సరిగ్గా రాక నీళ్లు నిలుస్తాయి, అది రసమట్టం పెట్టి చూసుకోని నా తప్పు.

వంటింట్లో మెరుపు టైలు వేయకుండా ఉండాల్సింది. నూనె చుక్క పడితే కంటికి కనిపించదు, కాలికే తెలుస్తుంది. మెట్ల గ్రానైట్ గురించి చెప్పడానికేమీ లేదు, అంచుల్లో కాలు జారకుండా గాడులు కొట్టించడం మాత్రం మంచిదైంది.

మళ్ళీ వేయించాల్సి వస్తే? హాలుకి విట్రిఫైడే వేస్తాను బహుశా, తుడుచుకోవడం సులువు, మాకు పనికి మనిషి లేరు. మా హాలుకి పడమటి ఎండ పడుతుంది, అందుకే ఇంత జరిగిందేమో, నీడలో ఉన్న హాలు అలాగే ఇరవై ఏళ్లు ఉండొచ్చు. పడకగదికి రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే, నీళ్లకి ఉబ్బని ఎస్‌పీసీ పలకలు వేద్దామని ఉంది, కానీ అది వాడి చూడకుండా బాగుందని చెప్పలేను.

ఇప్పుడు నాకో అలవాటు పట్టుకుంది, ఎవరింటికి వెళ్లినా చెప్పులు విప్పగానే మడమతో నేల తట్టి చూస్తాను. మా హాల్లోనూ తట్టాను. సోఫా కింద ఒకటి డొల్లగా మోగుతోంది. సోఫా బరువుగానే ఉంది కాబట్టి ప్రస్తుతానికి దాన్ని జరపట్లేదు.