పందికొక్కులకి బోను కావాలంటే ఈ కొట్టుకి వెళ్ళండి

విజయవాడ వన్ టౌన్‌లో పాత ఇనప సామాన్ల కొట్టు ఇది, ఎలుక బోన్ల దగ్గర్నుంచి గడ్డపారల దాకా అన్నీ గుమ్మం ముందే వేలాడుతుంటాయి. మా గోడౌన్లో బస్తాలు కొరికేస్తున్నాయని వెళ్తే, కొట్టు పెద్దాయన ముందు "ఎలుకా, పందికొక్కా?" అని అడిగి, పెద్ద బోను దింపి అగ్గిపుల్లతో ఎర కొక్కెం తాకించాడు, తలుపు టపీమని పడింది. అలా పడాలి, పడ్డాక గొళ్ళెం దానంతటదే బిగుసుకోవాలి, లేకపోతే పందికొక్కు మూతితో తలుపెత్తుకుని పోతుంది. కొత్త వస్తువంటే వాటికి అనుమానం ఎక్కువ కాబట్టి మొదట్లో తలుపు పడకుండా పైకెత్తి కట్టేసి ఊరికే బజ్జీ ముక్కలు వెయ్యమన్నాడు, ఆ సలహా భలే పనిచేసింది. పొలం గట్లకైతే వెదురుతో అల్లిన ఎలుక బుట్టలే మేలట.

నేనున్నప్పుడే ఒకాయన అడవిపందులకి ఉచ్చు వేస్తానని క్లచ్ వైరు అడిగితే ఇవ్వనన్నాడు, అది నాకు బాగా నచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు పన్నడం కూడా వేట కిందికే వస్తుంది, పైగా పందికి వేసిన ఉచ్చుల్లో చిరుతలు చిక్కుకున్న వార్తలు చూస్తూనే ఉన్నాం.

బేరం మాత్రం ఆడనివ్వడు, బిల్లు అడిగితే విసుక్కుంటాడు. బోను అంచులు కూడా సరిగ్గా మడవలేదు, చెయ్యి గీసుకుంటుంది, గుడ్డతో పట్టుకోండి. కారులో మాత్రం వెళ్ళకండి, ఆ సందులో పార్కింగ్ పెద్ద టెన్షన్.